మూడుసార్లు హెచ్చరించినా

నేర న్యాయం, దిద్దుబాటు సేవల డిగ్రీలో చివరి సెమిస్టరుకు పరీక్ష ఉండదు. దానికి బదులు ఒక క్షేత్ర అధ్యయనం రాయాలి. పనిచేసే చోటు నుంచి ఒక విషయం తీసుకొని, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసి, అరవై పేజీలకు మించకుండా రాసి, అక్కడి అధికారి ఇచ్చిన ధ్రువపత్రం జతచేసి నెలాఖరులోగా అందజేయాలి. నేను పనిచేసేది ఆడవాళ్ళ జైల్లో. పధ్నాలుగేళ్ళుగా వార్డర్ని. పధ్నాలుగేళ్ళు చూసినదాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూడడం ఎలాగో మాకు ఏ పాఠంలోనూ చెప్పలేదు.

ముప్పై తొమ్మిదో ఏట సాయంకాలపు కాలేజీలో చేరాను. కేసు అధికారి కావాలంటే డిగ్రీ ఉండాలి. వార్డరు తలుపు తీస్తుంది, మూస్తుంది. కేసు అధికారి ఖైదీ గురించి రాస్తుంది. ఆ రాతను చదివి సమీక్షా సంఘం ఆ మనిషిని ముందుగా విడుదల చేయాలో వద్దో తేలుస్తుంది. తాళాలతో విసిగిపోయి రాతలోకి వెళదామనుకున్నాను. వార్డరుగా నేను రాసిన కాగితాలు కూడా అదే సంఘం ముందుకు వెళుతున్నాయని తెలుసు. తెలిసినా, వాటిని రాతగా ఎన్నడూ లెక్కపెట్టలేదు.

పొద్దుటి డ్యూటీ రెండు గంటలకు అయిపోతుంది. మూడు నుంచి ఐదు వరకు మా ఇంట్లో భోజనాల బల్ల మీద రెండు చదువులు నడుస్తాయి. ఒక చివర ఇంటర్ చదివే మా అమ్మాయి, ఇంకో చివర నేను. మా ఆయన రైల్లో గార్డు. వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండరు. ఆ నాలుగు రోజులూ ఇంటి అధికారం అత్తయ్యది.

“ఇవాళేమిటి అమ్మాయ్, దొంగలా, దొంగల్ని పట్టుకునేవాళ్ళా?” అని అడిగేది అత్తయ్య, చిక్కుడుకాయలు ఒలుస్తూ.

“పట్టుకున్నాక ఏం చెయ్యాలో చెప్పే పాఠం అత్తయ్యా.”

“పధ్నాలుగేళ్ళ నుంచి చేస్తూనే ఉన్నావుగా. ఇప్పుడా అడగడం, ఏం చెయ్యాలని?”

అమ్మాయి నవ్వు ఆపుకోలేక పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకొనేది. నేనూ నవ్వేదాన్ని. ఆ ప్రశ్నే మాస్టారు అడిగి ఉంటే నోట్సులో రాసుకొని కింద గీత గీసేదాన్ని.

మా మాస్టారు ముప్పై ఏళ్ళు ప్రొబేషన్ అధికారిగా చేసి రిటైరైన మనిషి. గొంతు పెంచరు. క్షేత్ర అధ్యయనానికి నేను ఏ విషయం తీసుకోవాలో తేల్చుకోలేకపోతుంటే, “మీరు రాసిన కాగితాలు మీరే చదవండమ్మా,” అన్నారు. “రాసేటప్పుడు చదివామనుకుంటాం. చదవం. మీ జైల్లో జరిగిన గొడవల మీద వార్డర్లు రాసిన నివేదికలు ఓ నలభై తీయించండి. పేర్లు కప్పేయండి. కథలు చదివినట్టు చదవండి.”

సూపరింటెండెంటు గారు అనుమతి ఇచ్చారు. రికార్డు గదిలో మూడు మధ్యాహ్నాలు కూర్చున్నాను. మొదటి మధ్యాహ్నం గడిచేసరికే నాకు ఒక వాక్యం కంఠతా వచ్చేసింది. నిజానికి అది పధ్నాలుగేళ్ళ క్రితమే వచ్చు. “మూడుసార్లు హెచ్చరించినా వినిపించుకోలేదు.”

ఖైదీ మీద చేయి వేసేముందు మూడుసార్లు స్పష్టంగా హెచ్చరించాలని మా నియమావళి చెబుతుంది. ఉద్యోగంలో చేరిన మొదటివారం నా చేత మొదటి నివేదిక రాయించింది పెద్దక్క. ఇప్పుడామె చీఫ్ వార్డరు; అప్పటికే అందరికీ పెద్దక్క. నేను ‘రెండుసార్లు చెప్పాను’ అని రాస్తే కాగితం లాక్కొని కొట్టేసింది.

“ఒకసారంటే నువ్వు నోరు తెరవలేదంటారు. రెండంటే తొందరపడ్డావంటారు. మూడంటే ఇక తప్పు దానిది. రాయి, మూడు.”

రాశాను. ఆ తరువాత నాకెవరూ చెప్పనవసరం లేకపోయింది. కొత్తగా చేరినవాళ్ళకు నేనే చెప్పాను.

నలభై నివేదికల్లో ముప్పై ఏడింట ఆ వాక్యం ఉంది. అక్షరం తేడా లేకుండా ఉంది. ముప్పై ఏడులో ఒకటి వంటశాలలో పాలు ఒలికిపోయిన సంగతి. పాలు పారబోసింది పిల్లి. “మూడుసార్లు హెచ్చరించినా వినిపించుకోలేదు” అని రాసి, కింద సంతకం, తేదీ, సమయం.

తరగతిలో ఆ నివేదిక చదివితే రెండు నిమిషాలు పాఠం ఆగిపోయింది. వెనక బెంచీలోంచి ఓ కానిస్టేబులు, “నాలుగోసారి చెప్పి చూడాల్సింది మేడం,” అన్నాడు. ఇంట్లో అత్తయ్య కళ్ళు తుడుచుకొనేదాకా నవ్వి, “పిల్లి తన వాదన ఏం చెప్పుకుందిట?” అని అడిగింది.

అందరూ నవ్వగా మాస్టారు మాత్రం నా కాగితాలు తిరిగి ఇస్తూ, “ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టారు. బాగుంది,” అన్నారు. “ఇప్పుడు ఇంకో పని చెయ్యండి. దెబ్బ తగిలిందని ఉన్న నివేదికలు తీసుకొని ఆసుపత్రి రిజిస్టరు పక్కన పెట్టి చూడండి. ఒకే సంగతిని ఇద్దరు వేరువేరు గదుల్లో కూర్చొని రాస్తారు. ఆ రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీదికి ఎప్పుడూ రావు.”

ఆ సలహా పట్టుకొని మర్నాడు జైలు ఆసుపత్రికి వెళ్ళాను. నా చేతిలోని దెబ్బల నివేదికలు ఆరు. వాటిలో ఒకటి నా చేతిరాత.

అది ఆరేళ్ళ క్రితం నాటిది. “ఉదయం పదకొండు గంటల లెక్కకు కుట్టు గదిలోని ఖైదీ లేచి నిలబడలేదు. మూడుసార్లు హెచ్చరించినా వినిపించుకోలేదు. దగ్గరకు వెళ్ళగా విధి నిర్వహణలో ఉన్న వార్డరును మోచేతితో కొట్టి కింద పడవేసింది. వార్డరు ఎడమ భుజానికి దెబ్బ తగిలినది.”

రోజుకు నాలుగుసార్లు లెక్క గంట కొడతారు. గంట వినగానే ఎక్కడివాళ్ళు అక్కడ పని ఆపి లేచి నిలబడాలి. తలల లెక్క సరిపోయేదాకా కదలకూడదు. ఆ రోజు నిలబడని ఖైదీని జైల్లో అందరూ కొలతలమ్మ అంటారు. టేపు లేకుండా మనిషిని చూసి కొలత చెబుతుంది. మా యూనిఫారాలన్నీ ఆమె చేతి కుట్టే. ఆమె ఏ నేరం మీద లోపలికి వచ్చిందో ఇక్కడ చెప్పను. చెబితే దాన్ని తూచడం మొదలుపెడతారు. నేను మాట్లాడుతున్నది నా నేరం గురించి.

ఆసుపత్రి రిజిస్టరులో ఆ తేదీన పదకొండో వరుసలో నా భుజం ఉంది. పన్నెండో వరుసలో ఆమె వేలు ఉంది. సమయం రెండింటికీ పదకొండూ ఇరవై. “కుడి చూపుడు వేలు. మిషను సూది గోటిలోంచి దిగి విరిగినది. ముక్క తీసివేయడమైనది.”

నర్సు పక్క గదిలో సీసాలు సర్దుకుంటోంది. నేను ఆమెను పిలిచి ఆ రెండు వరుసలకూ నకలు అడిగాను.

ఆ రోజు నాకు బాగానే గుర్తుంది. గుర్తుండదని ఎందుకనుకున్నానో తెలియదు. గంట కొట్టగానే ఇరవై రెండు మిషన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. అందరూ లేచారు. ఒక్కతే తల వంచుకొని కూర్చొని ఉంది. అంత నిశ్శబ్దంలో ఒక్క మాట మెల్లగా అన్నా వినిపించేది. నేను అనలేదు. ఒకసారి కూడా అనలేదు. వరసల మధ్య నుంచి నడిచి వెళ్ళి వెనకనుంచి భుజం పట్టి గుంజాను. ఆమె అరిచి మోచెయ్యి విసిరింది. నేను పక్క బల్ల అంచుకు కొట్టుకొని పడ్డాను. వేలు సూది కింద ఇరుక్కుందని అప్పుడు నాకు తెలియదు. తెలియకపోవడం నా తప్పు కాదని చాలామంది అంటారు. అడిగి ఉంటే తెలిసేది.

అబద్ధం చెప్పదలచుకున్నవాడికి కనీసం నిజం ఎక్కడుందో తెలుస్తుంది; దానికి అడ్డంగా నిలబడాలి కాబట్టి. నేను అడ్డంగా నిలబడలేదు. అటువైపు చూడనే లేదు. కలం తనంతట తాను ఆ వాక్యం రాసేసింది, భుజం నొప్పిగా ఉంది, ఇంటికి వెళ్ళిపోయాను.

రికార్డు గదికి తిరిగి వెళ్ళి ఆ నివేదిక మీద జరిగిన విచారణ కాగితం తీశాను. విచారణాధికారి వేరే జైలు నుంచి వచ్చినవాడు. చక్కటి భాష. “తనను హెచ్చరించలేదనీ, వేలు సూది కింద ఇరుక్కున్నందున లేవలేకపోయాననీ ఖైదీ వాదన. మూడు హెచ్చరికలకు పట్టే వ్యవధిలో ఆ సంగతి వార్డరుకు చెప్పుకొనే వీలు ఆమెకు ఉన్నది. చెప్పుకోలేదు. కనుక ఈ వాదన నమ్మదగినది కాదు.”

ఆ తర్కంలో లోపం వెతికాను. దొరకలేదు. నేను అలవాటుకొద్దీ పెట్టిన ఇటుక మీద తెలివైన మనిషి నిటారుగా గోడ కట్టాడు. ఆ గోడ వెనక ఆమె ఆరేళ్ళుగా ఉంది. శిక్షలో తగ్గింపుగా సంపాదించుకున్న రోజులన్నీ రద్దయ్యాయి. సమీక్షా సంఘం రెండుసార్లు “హింసాత్మక ప్రవర్తన” అని ఒక్క మాట రాసి విడుదల నిరాకరించింది. మూడో సమీక్ష పద్దెనిమిదో తేదీన. నేను ఆ కాగితం చదివింది రెండో తేదీన.

సాయంత్రం తరగతి అయిపోయాక మాస్టారి కోసం ఆగాను.

“పేర్లు లేకుండా అంకెలు మాత్రం ఇస్తే అధ్యయనం పాసవుతుందా మాస్టారూ?”

“అవుతుంది. మంచి మార్కులొస్తాయి కూడా. పిల్లి ఒక్కటి చాలు.”

“నా నివేదిక గురించి రాస్తే?”

“ఎక్కడ రాస్తారు?” అన్నారు ఆయన, చేతిసంచి భుజానికి తగిలించుకుంటూ. “అధ్యయనంలో రాస్తే మీకు మార్కులు. పద్దెనిమిదో తేదీన ఆమె మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది.”

ఏం చెయ్యమంటారని అడగబోయి మానేశాను. ఆయన చెబితే అది ఆయన నిర్ణయమవుతుంది. అలా ఇంకొకరు చెప్పింది రాసే, నేను ఇక్కడికి వచ్చాను.

వాంగ్మూలం రాయడానికి మూడు రోజులు పట్టింది. ఒకటిన్నర పేజీ. “పొరపాటున” అనే మాట రెండుసార్లు వచ్చి చేరింది, రెండుసార్లూ కొట్టేశాను. పొరపాటంటే అనుకున్నది ఒకటీ జరిగింది ఒకటీ కావాలి. నేను ఏమీ అనుకోలేదు.

సమీక్షా సంఘానికి ఏ కాగితమైనా సూపరింటెండెంటు గారి ద్వారానే వెళ్ళాలి. అంతకుముందు పెద్దక్కకు చెప్పడం న్యాయమనిపించింది. డ్యూటీ దిగి బట్టలు మార్చుకొనే గదిలో ఆమె బూట్ల తాళ్ళు విప్పుకుంటోంది. నిలబడే చెప్పాను. పూర్తిగా విని, ఒక బూటు చేతిలోనే పట్టుకొని తల ఎత్తింది.

“మతుందా నీకు? నీ కాగితం ఒకటి అబద్ధమైతే మిగతావి ఏమంటారే?”

“అవీ చూడాలంటారు అక్కా.”

“నావీ చూస్తారు.”

“నీ పేరు నేను రాయలేదు.”

“రాయక్కర్లేదు. నువ్వు ఎవరి చేతికింద పని నేర్చుకున్నావో ఈ గోడలక్కూడా తెలుసు.” బూటు కింద పెట్టింది. “నీ ఉద్యోగం నిలబడాలని నేర్పానే నీకు. మొదటి వారం తాళంచెవి తాళంలో పెట్టలేకపోయేదానివి, చెయ్యి అంత వణికేది. ఈ పిల్ల నెల తిరగకుండా పారిపోతుందన్నారు అందరూ. పారిపోనిచ్చానా?”

“లేదక్కా.”

“మరి?”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది కానీ, అది ఆమె ముఖం మీద చెప్పదగినది కాదు. నేను నిలబడడానికి నువ్విచ్చిన ఆసరా ఇంకొకరి మెడ మీద ఉందక్కా అనాలి. అనలేదు. ఆమె రెండో బూటు విప్పడం మొదలుపెట్టింది. నేను వెళ్ళిపోతుంటే వెనకనుంచి, “చివరి మెట్టు మీద నిలబడి నిచ్చెన తన్నేస్తున్నావు,” అంది. కోపంగా కాదు. అలసటగా.

సూపరింటెండెంటు గారు వాంగ్మూలం రెండుసార్లు చదివారు. చెడ్డ మనిషి కాదు. కాలేజీకి వెళ్ళేందుకు నాకు రెండున్నరేళ్ళుగా పొద్దుటి డ్యూటీలే వేయించిన మనిషి.

“కూర్చోండి. ధైర్యమైన పనే. కానీ తొందరెందుకు? డిగ్రీ చేతికి రానివ్వండి. తరువాత ఇదే కాగితం ఇవ్వండి. నేనే పంపిస్తాను.”

“సమీక్ష పద్దెనిమిదిన సార్.”

“వచ్చే ఏడు మళ్ళీ ఉంటుంది.”

“ఆమెకి ఇంకో ఏడాది పడుతుంది సార్.”

“ఇది ఇప్పుడు పంపితే మీకూ ఏడాదే పడుతుంది.” నా అధ్యయనం ధ్రువపత్రం నమూనా డ్రాయరులోంచి తీసి నా వైపు తిప్పారు. “చూడండి. ‘ఈ అధ్యయనం వల్ల సంస్థ ప్రతిష్ఠకు ఎటువంటి భంగం లేదని ధ్రువీకరిస్తున్నాను’ అని ఉంది. మీ వాంగ్మూలం సంఘానికి వెళ్ళాక ఈ మాట కింద నేను సంతకం చెయ్యగలనా? నన్ను అబద్ధం రాయమంటారా?”

“అనను సార్.”

ఆయన, నేను వాదిస్తాననుకున్నారేమో. వాదించడానికి ఏముంది? ఆయన చెప్పింది నిజం. ఆమెకు ఏడాది, లేకపోతే నాకు ఏడాది. నా ఏడాదిలో ఇల్లు ఉంది, ఆదివారాలు ఉన్నాయి, గంట కొట్టినప్పుడు లేవనవసరం లేదు. రెండు ఏడాదులూ ఒక కొలతవి కావు.

“పంపండి సార్,” అన్నాను.

అక్కడినుంచి ఇన్‌వర్డు గుమాస్తా బల్ల దగ్గరకు వెళ్ళాను. ముద్ర వేసి నంబరు ఇవ్వని కాగితం మా ఆఫీసులో వారాల తరబడి నిద్రపోగలదు.

“అక్కడ పెట్టి వెళ్ళండి మేడం. లంచ్ తరువాత వేస్తా.”

“నిలబడతాను.”

“గంట పడుతుంది.”

“పధ్నాలుగేళ్ళుగా నిలబడే ఉద్యోగమేనయ్యా నాది.”

అతను టిఫిను డబ్బా మూత మళ్ళీ పెట్టేసి ముద్ర అందుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో బల్ల దగ్గర సంగతి చెప్పాను. మా అమ్మాయి కలం కింద పెట్టింది. “అంటే మూడేళ్ళు చదివి, డిగ్రీ లేదా?”

“ఈ ఏడు లేదు.”

“నేనెవరికీ చెప్పను బాబూ. మా అమ్మ కంటే నేనే ముందు పాసవుతానని ఫ్రెండ్స్‌తో పందెం ఉంది. ఇలా గెలవడం నాకిష్టం లేదు.”

“నా మోకాలి ఆపరేషను నాలుగేళ్ళ నుంచి వాయిదా వేస్తున్నారు,” అంది అత్తయ్య. “నేను నడవడం మానేశానా? నీ డిగ్రీ ఒక్క ఏడాది కుంటితే కుంటుతుంది. వాడికి ఫోన్ చేసి చెప్పు, మళ్ళీ నేను చెబితే నీ మీద చాడీ అంటాడు.”

పదిహేడో తేదీన కుట్టు గదికి వెళ్ళాను. విరామం, మిగతావాళ్ళు ఆవరణలో ఉన్నారు. కొలతలమ్మ మిషను దగ్గరే కూర్చొని పాత దుప్పటికి అంచు కుడుతోంది. కుడి చూపుడు వేలి గోరు రెండుగా చీలి పెరిగి ఉంది. ఆరేళ్ళుగా ఆ చేత్తో నా కాలర్లు, నా జేబులు కుట్టింది. ఆ గోరు నేను చూడలేదు.

“రేపు మీ ఫైల్లో కొత్త కాగితం ఒకటి ఉంటుంది,” అన్నాను.

ఆమె కాలు మిషను మీద ఆగింది. “మీ, అంటున్నారు. ఈ మర్యాద కాలేజీలో నేర్పారా మేడం?”

“అక్కడే.”

“పోన్లెండి. చదువు దండగ కాలేదు.”

చెప్పాను. నియమావళి, అలవాటు, రిజిస్టరు, అన్నీ. క్షమించమని అడుగుదామనే వెళ్ళాను. కానీ అడిగితే ఆమె నాకు ఏదో ఒకటి ఇవ్వవలసి వస్తుంది. అప్పటికే చాలా తీసుకున్నాను. రేపు సంఘం ముందు తనేమీ అనక్కర్లేదని, నేనే చెబుతానని మాత్రం అన్నాను.

ఆమె దుప్పటి మడత సరిచేసింది. “చిక్కొకటుంది మేడం. నేను ఒప్పేసుకున్నాను.”

“ఏమని?”

“మీరు హెచ్చరించారని. రెండోసారి సంఘం ముందు కూర్చోబెట్టినప్పుడు. ఒప్పుకుంటే పశ్చాత్తాపం కింద రాసుకొని వదిలేస్తారని మా గదిలో ఒకామె చెప్పింది. మూడుసార్లు చెప్పారండీ, నాదే తప్పండీ అన్నాను.” దారం కొరికి తెంపింది. “అన్నాక ఏమైందో తెలుసా? నిజంగానే చెప్పారేమో అనిపించడం మొదలైంది. నొప్పిలో నాకే వినబడలేదేమో అని. ఒక్కోసారి మీ గొంతు కూడా వినిపించేది, ఒకటి, రెండు, మూడు అని.”

నా వాక్యం కాగితం మీదనే ఉందనుకున్నాను ఆ క్షణం వరకు.

“చెప్పలేదు,” అన్నాను. “ఒక్కసారి కూడా చెప్పలేదు.”

“ఇప్పుడు తెలిసింది,” అంది ఆమె. “ఆరేళ్ళ క్రితం చేరాల్సింది మేడం మీరు, ఆ కాలేజీలో,” అని మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం నా అధ్యయనం మొత్తం బయటికి తీశాను. నా ఒక్క వాంగ్మూలం ఇక చాలదు. ఖైదీ తన నోటితో ఒప్పుకున్నదాన్ని నేను కాదంటే ఎవరు నమ్ముతారు? ముప్పై ఏడు నివేదికల్లో ఆ వాక్యం ఉన్నచోటల్లా పసుపు గీత గీశాను. ఆసుపత్రి రిజిస్టరులోని రెండు వరుసలకు నర్సు సంతకంతో నకలు అప్పటికే తీసుకున్నాను. అన్నీ ఒక దారంతో కుట్టి కట్ట కట్టాను.

పద్దెనిమిదిన సంఘంలో ఐదుగురు ఉన్నారు. అధ్యక్షురాలు రిటైరైన జడ్జి. సూపరింటెండెంటు గారు ఒక పక్కన కూర్చొని బల్ల మీదికే చూస్తున్నారు. కొలతలమ్మను తలుపు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు.

“ఖైదీ ఒప్పుకుంటున్నారు, వార్డరు కాదంటున్నారు,” అంది జడ్జి. “ఇన్నేళ్ళలో తలకిందుల కేసు ఇదే చూడడం. మీ మీద ఎవరైనా ఒత్తిడి తెచ్చారా అమ్మా?”

“లేదండి.”

“ఈమె తరఫువాళ్ళతో మీకు పరిచయం?”

“లేదండి.”

“అప్పుడు నిజం రాశారు, ఇప్పుడు జాలిపడి మారుస్తున్నారు అనుకోవచ్చుగా మేము?”

“అనుకోవచ్చండి. అందుకే ఇవి తెచ్చాను.” కట్ట ఆమె ముందు పెట్టాను. “ముప్పై ఏడు కాగితాలు. తొమ్మిది మంది చేతిరాతలు. గీత గీసిన మాట చదవండి చాలు.”

ఆమె ఒక్కొక్క కాగితమే తిప్పింది. పిల్లి దగ్గర ఆగింది. నవ్వలేదు. ఆ కాగితాన్ని పక్కనున్న సభ్యుడి వైపు జరిపి, ఆయన చదివేదాకా ఆగి, తరువాత ఆసుపత్రి నకలు తీసుకొని రెండు సమయాల మీద కలం ఆనించింది.

“ఈ ముప్పై ఏడులో మీ చేతివి ఎన్ని?”

“నాలుగండి.”

“మిగతా మూడు?”

“ఆ ముగ్గురూ శిక్ష పూర్తయి వెళ్ళిపోయారు. చెబుదామంటే నా దగ్గర చిరునామాలు లేవు.”

జడ్జి తలుపు వైపు తిరిగి, “మీరేమైనా చెబుతారా?” అని కొలతలమ్మను అడిగింది.

“పోయినసారి చెప్పింది అబద్ధమండీ,” అంది ఆమె నిలబడి. “ఇంటికి వెళ్ళాలని చెప్పాను.”

పదో రోజున ఉత్తర్వు వచ్చింది. ఆరేళ్ళ నాటి నివేదిక కొట్టివేశారు. రద్దయిన రోజులు తిరిగి కలిపారు. కలిపేసరికి ఆమె శిక్ష ఎప్పుడో పూర్తయిపోయింది. అదే సంచిలో నాకొక సంజాయిషీ నోటీసు, అన్ని నివేదికలనూ తిరిగి పరిశీలించమని సూపరింటెండెంటు గారికి ఒక ఆదేశం ఉన్నాయి. పెద్దక్క ఆ రోజు నాతో మాట్లాడలేదు. మర్నాడు డ్యూటీ చార్టులో నా పేరు బయటి గేటు దగ్గరకు మారింది.

కాబట్టి ఇరవై తొమ్మిదో తేదీ పొద్దున్న ఆమెకు గేటు తీసింది నేనే. రెండు సంచులు. రోడ్డు అవతల ఆమె చెల్లెలు కాబోలు, గొడుగు వేసుకొని నిలబడి ఉంది. విడుదల కాగితం నంబరు సరిచూశాను, రిజిస్టరులో వేలిముద్ర వేయించుకున్నాను, తలుపు పూర్తిగా తెరిచాను. ఆమె గడప దాటి వెళ్ళింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తుందని నేను ఎదురుచూశానన్న సంగతి, రోడ్డు ఖాళీ అయ్యాకే నాకు తెలిసింది. ఆ ఎదురుచూపు నాలో ఇంకా సరిదిద్దవలసినదాన్ని చూపించింది. తలుపు వేసి తాళం తిప్పాను.

ముప్పయ్యో తేదీ సాయంత్రం కాలేజీకి వెళ్ళాను. మా తరగతివాళ్ళు బైండు చేయించిన పుస్తకాలు చేత్తో పట్టుకొని ఒక కిటికీ దగ్గర బారుగా నిలబడ్డారు. కానిస్టేబులు నన్ను చూసి చోటివ్వబోయాడు. వద్దని తల ఊపి పక్క కిటికీ దగ్గరకు వెళ్ళాను. అక్కడ ఎవరూ లేరు. చివరి సెమిస్టరుకు మళ్ళీ నమోదు చేసుకొనే పత్రం ఇచ్చారు. పేరు, సంఖ్య, కొత్త అధ్యయనం చేయదలచిన చోటు. మాస్టారు బాలల గృహం ఒకటి సూచించారు; అది రాశాను. ఆఖరున, అధ్యయనం సమర్పించకపోవడానికి కారణం అని ఉండి కింద రెండు గీతలు ఉన్నాయి.

నా కలం అక్కడ ఆగడం చూసి గుమాస్తా కిటికీలోంచి ముందుకు వంగాడు. “అనారోగ్యం అని రాసెయ్యండమ్మా. అందరూ అదే రాస్తారు. ఎవరూ అడగరు.”

“నాకేం జబ్బు చెయ్యలేదు బాబూ,” అన్నాను.

రాయడం మొదలుపెట్టాను. రెండు గీతలూ మొదటి వాక్యానికే అయిపోయాయి. ఇంకో కాగితం ఇమ్మని అడిగాను.